అరుగు కింద చదువు

దుర్ముఖి సంవత్సరం, ఆషాఢ మాసం, ఏకాదశి వెళ్ళిన రెండో రోజు

బర్మా దేశం రంగంలో మిల్లు పనిలో ఉన్న మా నాయనకి,

నీ పెద్దకొడుకు బుల్లియ్య ఇక్కణ్ణించే నీ కాళ్ళు ముట్టుకుని రాత్తన్నాను. నీకీ ఉత్తరం చదివి పెడతన్న విశ్వనాథరాజు గారికి కూడా దండాలు. నా అచ్చరాలు వంకరగా ఉంటాయండి, తప్పుగా అనుకోకండి.

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. గోదారికి ఎర్రనీరు వచ్చేసింది. పులసలు ఎక్కుతన్నాయి. అమ్మ గంప నెత్తినెట్టుకుని ఆత్రేయపురం దాకా పోయి అమ్ముకొత్తంది. నువ్వు ఓడెక్కాక పాత వల నేనే బాగుచేసాను. తమ్ముడు బెమ్మానికి కింద పళ్ళు రెండు ఊడిపోయినయ్యి. ఎవరన్నా నీ పేరేంట్రా అంటే వీరబ్రహ్మం అనబోయి ఈలేత్తాడు. అందరూ వాడి చేత పదే పదే చెప్పించుకుంటన్నారు.

బెమ్మానికి ఆరో ఏడు వచ్చింది, దసరాకి వీధిబళ్ళో వెయ్యమని రాయించావు. ఆ ముక్క చదివిన కాడ్నించీ అమ్మది అదే పాట. నాకు మాత్రం మనసొప్పటం లేదు నాయనా. నువ్వు కోప్పడకుండా వింటే చెప్తాను.

వాడికి చదువు నేనే చెప్తన్నాను. నాలుగు నెలలైంది. మన చిన్న దోనెలో వాడు ఆ కొస కూచుంటాడు, నేను ఈ కొస కూచుంటాను. మధ్యలో బల్ల మీద తడి ఇసక పరిచి అచ్చరం రాత్తాను. వాడు దాని మీద వేలు తిప్పుతాడు. ఓనమాలు అయిపోయినయ్యి. గుణింతాలు సగం వచ్చేసినయ్యి. దిద్దింది చెరిపెయ్యాలంటే రెండు చుక్కల నీళ్ళు చాలు. వల వేసి చేప పడేదాకా ఊరికే కూచుంటాం కదా, అప్పుడే మా బడి. సుడి ఎక్కడుందో, నీటి రంగు మారితే ఏమవుద్దో కూడా నేర్చుకుంటన్నాడు. బళ్ళో అయ్యన్నీ చెప్పరు కదా.

అమ్మతో ఈ మాటే అన్నాను. అమ్మేమందో తెల్సా? "సుడీ గిడీ నేన్జెప్తాన్రా. నీకే పదకొండు నెల్ల చదువు. కుంటోడు గుడ్డోణ్ణి ఏరు దాటించినట్టు, నువ్వు వాడికి చెప్పేదేంటి?" అంది. చేప తోముతా అంది. తలెత్తి చూడను కూడా లేదు.

బెమ్మానికేమో బడంటే మా సరదాగా ఉంది. ఊళ్ళో పిల్లలు చెప్పారంట. పొద్దున్నే అందరికంటే ముందొచ్చినోడికి అయ్యోరు అరచేతిలో శ్రీ రాత్తారంట. రెండోవోడికి సున్న చుడతారంట. మూడోవోడి కాడ్నించీ ఒక దెబ్బ, రెండు దెబ్బలు, అలా పెరిగిపోద్దంట. "మనం కోడి కంటే ముందు లేత్తాం కదన్నయ్యా, నాకెప్పుడూ శ్రీయే" అంటాడు.

నాయనా, వాణ్ణి ఇంటికాడే ఉండనియ్యి. బడికి కాలవ దాటాలి. వానలు. అయ్యోరికి పెద్దతనం వచ్చి చెయ్యి దురుసెక్కిందంటన్నారు. ఇయ్యన్నీ నిజమే. ఇంకోటి కూడా ఉంది గాని అది రాయలేను.

నీ జవాబు కోసం చూత్తా ఉండే నీ కొడుకు,
బుల్లియ్య


భాద్రపదం, వినాయక చవితి వెళ్ళిన వారం

నాయనకి,

నీ ఉత్తరం అందింది. "నువ్వు చదువు మానేసి నాలాగే వల పట్టావు, ఇప్పుడు తమ్ముణ్ణి కూడా చెడగొడతావా, దసరాకి బళ్ళో వెయ్యి, మారుమాట వద్దు" అని రాయించావు. అమ్మకి చదివి వినిపించాను. "నా మాట వినపోతే పోయే, ఆయన మాటన్నా వినరా" అంది. వింటాను. వినేముందు ఒకటి చెప్పుకోవాలి.

రాజు గారండీ, మీకొక మనవి. ఇక్కణ్ణించి మా నాయనొక్కడికే వినపడేటట్టు చదవండి. మిల్లు కాడోళ్ళు చుట్టూ చేరి ఉంటే ఇక్కడాపేసి, ఊరి కబుర్లు అయిపోయినయ్యని చెప్పెయ్యండి. తరవాత ఆయన్ని పక్కకి పిలిచి చదవండి. నేను ఎదురుగా మనిషుంటే మాటాడలేనండి. కాయితం కాబట్టి రాయగలుగుతున్నాను. అందుకే కార్డు కొనకుండా కవరు కొన్నాను.

నాయనా, బడి నాకిష్టం లేక మాన్లేదు.

ఆ పదకొండు నెలలూ నేను అరుగు మీద కూచోలేదు. పిల్లలందరూ అరుగు మీద, నేను కింద వీధిలో, గోతాం ముక్క మీద. అరుగంచు నా గడ్డం దాకా వచ్చేది. అరుగు మీద ఇసక పోసి అయ్యోరు అచ్చరం రాసేవోరు. అటుపక్కన కూచున్న పిల్లలకి అది తిన్నగా కనపడేది. నేను ఎదురుపక్క కదా, నాకు తలకిందులుగా కనపడేది. అది తలకిందులని నాకు తెలీదు నాయనా. అచ్చరమంటే అంతే అనుకున్నాను. కనపడింది కనపడినట్టు వీధి దుమ్ములో దిద్దుకునేవోణ్ణి. నా దుమ్ములోకి ఎవురూ తొంగి చూడలేదు. నోటితో మాత్రం అందరితో పాటు అరిచేవోణ్ణి. అందరికంటే ముందు నాకే వచ్చేసేది.

ఒకరోజు బడులు చూసే సర్కారు ఆయన వచ్చాడు. తలపాగా, కోటు. పిల్లలందరి చేతా అచ్చు పుస్తకం చదివిత్తన్నాడు. నా వంతు వచ్చింది. పుస్తకం అరుగంచున పెట్టారు. నేను తీసుకుని, తలకిందులుగా పట్టుకుని, గడగడా చదివేసాను. ఒక్క ముక్క తప్పు పోలేదు. చదివి తలెత్తితే అరుగంతా నవ్వు. కింద పడి దొర్లి నవ్వుతన్నారు. ఆ సర్కారు ఆయన కూడా నవ్వాడు. "వీడు విని బట్టీ పట్టాడయ్యా, చదువు రాలేదు" అన్నాడు. వచ్చింది నాయనా. నాకు వచ్చింది. వచ్చిందండీ అని చెప్పడానికి నోరు పెగల్లేదు. అయ్యోరు నావంక చూసి బుర్ర గోక్కుని, తరవాతోణ్ణి పిలిచారు.

ఆ పూట నించీ నా పేరు గబ్బిలం. నువ్వు కూడా విన్నావు. "ఆళ్ళు నిన్ను గబ్బిలం అంటారెందుకురా" అనడిగావు. చీకట్లో చేపలకి పోతాం కదా, అందుకని అన్నాను. బడికి పోననేసరికి దోనె తోసే గెడకర్రెత్తావు. ఎందుకు పోవో చెప్పరా అని అడుగుతా అడుగుతా కొట్టావు. చెప్పుంటే కొట్టేవోడివి కాదని నాకు తెల్సు. చెప్పడం కంటే అదే నయమనిపించింది.

ఇప్పటికీ నీ ఉత్తరాలు తలకిందులుగా పట్టుకునే చదువుతాను. అమ్మకి ఏది తలో ఏది కాళ్ళో తెలీదు కాబట్టి సరిపోయింది. ఇది కూడా అలాగే రాత్తన్నాను. మీరు తిప్పి పట్టుకుంటే సరిగ్గానే ఉంటది. గోడ మీద అంటించిన కాయితాలే చదవలేను. గోడని తిప్పలేం కదా.

అందుకే బెమ్మాన్ని బడికి పంపనన్నాను. మళ్ళీ వాణ్ణీ గోతాం మీద కూచోబెడతారు. కానీ ఈ మధ్య ఇంకో బెంగ పట్టుకుంది. చెప్పేది నేను కదా, వాడు కూడా నాలాగే తలకిందులుగా నేర్చేసుకున్నాడేమో అని. రెండు రాత్రులు అన్నం సయించలేదు. వాణ్ణి పరీచ్చ చెయ్యడానికి కూడా భయమేసింది.

మొన్న కాలవ లాకు తలుపుల కాడ పడవలాపారు. లాకు గోడకి అచ్చు కాయితం అంటించుంది. నేను చేపల గంప దింపుతుంటే వెనకాల నించి బెమ్మం గొంతు. "ప-డ-వ-లు ఇచ్చట ఆ-ప-వ-లె-ను." లాకు గుమాస్తా గారు బయటికొచ్చి "ఎవడ్రా చదివింది?" అన్నాడు. నేనే అన్నాడు వీడు, ఈలేత్తా. "ఎవురు చెప్పార్రా నీకు?" అంటే నావంక వేలు చూపించాడు. వాడు తిన్నగా నిలబడి, తిన్నగా ఉన్న కాయితాన్ని చదివాడు నాయనా.

ఇంటికొచ్చాక అర్ధమైంది. దోనెలో మేం ఎదురెదురు కూచుంటాం. నేను నా పక్కన తలకిందులుగా రాత్తాను. వాడి పక్కనించి చూత్తే అది సరిగ్గానే ఉంటది. నాకు వంకరగా వచ్చిన చదువు వాడికి సవ్యంగా పోయింది. గట్టు మీద కూచుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. ఆ గుమాస్తా గారు మంచోడు, పాత పుస్తకం ఒకటి ఇచ్చాడు. బెమ్మం వారంలో సగం చదివేసి "అన్నయ్యా, ఈ పద్యానికి అర్ధమేంటి? ఈ లెక్కేంటి?" అంటన్నాడు. నాకు తెలీదు. నా దగ్గరున్నదంతా వాడికి ఇచ్చేసాను, అయిపోయింది. ఇంకా ఇంటికాడ ఉంచుకుంటే వాణ్ణి నేనే ఆపేసినోణ్ణవుతాను. బడికి పంపితే కింద కూచోబెడతారు. రెండిట్లో ఏది చెయ్యమంటావు? నువ్వు ఎలా చెప్తే అలా చేత్తాను. వాణ్ణి ఆ గోతాం మీద కూచోబెట్టమని మాత్రం చెప్పకు. అది నావల్ల కాదు.

నీ చేత దెబ్బలు తిన్నా నీ మీద కోపం లేని
బుల్లియ్య


ఆశ్వయుజం, దసరా వెళ్ళిన ఐదో రోజు

నాయనకి,

నీ ఉత్తరం దసరాకి నాలుగు రోజుల ముందొచ్చింది. రాజు గారు నీ మాటలన్నీ రాసి, చివర్న ఆయన సొంతంగా కూడా ఒక ముక్క రాసారు. నా సంగతి విన్నాక రెండు పూటలు నువ్వు కంచం ముందు కూచుని లేచిపోయావంట. "నా బిడ్డని ఊరికే కొట్టాను" అని మిల్లు గోడకి తిరిగి పడుకున్నావంట. ఎందుకు నాయనా అలా చెయ్యడం? గెడకర్ర దెబ్బలు అప్పుడే మానిపోయినయ్యి. రోజూ బరువులు మోసేవోడివి, తిండి మానితే ఎలా? ఆ మాట అమ్మకి చదవలేదు.

"వాడి సంగతి నీ ఇష్టం, నువ్వెలా చేత్తే అదే నా మాట" అని రాయించావు. అంత మాట నాకెప్పుడూ ఎవురూ ఇవ్వలేదు.

దసరా పొద్దున్న బెమ్మానికి తలంటాను. ఒంటికి పసుపు, సున్నిపిండి రాసి తోమాను, నీసు వాసనుండకూడదని. "ఒళ్ళు మండుతుందన్నయ్యా, నేనేమన్నా బొచ్చె చేపనా?" అని గొడవ. అమ్మ పళ్ళెంలో బియ్యం, బెల్లం, తమలపాకులు, అయ్యోరికి పంచె పెట్టుకుంది. దారంతా ఒకటే మాట. "నువ్వేం మాటాడకురా. దణ్ణం పెట్టి, వాణ్ణి దింపేసి వచ్చేద్దాం." నేను నిజంగా మాటాడతానని అమ్మ భయం. మాటాడలేనేమోనని నా భయం.

అరుగు నిండా పిల్లలు, వాళ్ళ తండ్రులు. నన్ను చూడగానే ఎవడో "గబ్బిలమొచ్చిందిరోయ్, ఎక్కడ వేలాడదీద్దాం?" అన్నాడు. అందరూ నవ్వారు. బెమ్మం కూడా నవ్వాడు, ఎవరి గురించో వాడికి తెలీదు.

అయ్యోరు బాగా పెద్దోరైపోయారు. కళ్ళు చిట్లించి "ఎవరబ్బాయివిరా?" అన్నారు.

"బుల్లియ్యనండి. పెదబాబు కొడుకునండి."

"ఆఁ, ఆఁ. వీడు తమ్ముడా? మంచిది. కూచోమను."

అమ్మ పళ్ళెం అరుగంచున పెట్టి నా చొక్కా పట్టుకు లాగింది, పోదాం రమ్మని. నేల చూసుకుంటానే అన్నాను.

"ఎక్కడ కూచోమంటారండి?"

"ఎక్కడేంటిరా?"

"పైనాండి, కిందాండి? కిందైతే తీసుకుపోతానండి. వాడికి గుణింతాలు వచ్చండి. నేనే చెప్పానండి. కింద కూచుంటే పాడైపోతాడండి."

అంత మాట ఒక్కసారిగా ఎలా అన్నానో నాకే తెలీదు. ఎవురూ నవ్వలేదు. అయ్యోరు నన్ను దగ్గరికి రమ్మని నాకొక్కడికే ఏదో అన్నారు. అన్నాక బెమ్మాన్ని చూసి "ఎక్కరా" అన్నారు. వాడికి రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. మోచేతులు అరుగు మీదానించి, దోనెలోకెక్కినట్టు ఒక్క ఊపున ఎక్కేసాడు. ఎక్కి, ఇద్దరు పిల్లల మధ్యన దూరి కూచున్నాడు. ఒకడు ముక్కు మూసుకుంటే వీడు కూడా ముక్కు మూసుకున్నాడు, అది కూడా బళ్ళో నేర్పేదే అనుకున్నాడు.

అంతా సుఖంగా ఏం జరగలేదు. ఆ పూటే ముగ్గురు పిల్లల్ని వాళ్ళోళ్ళు లేపుకుపోయారు. అయ్యోరు ఆపలేదు, బెమ్మాన్నీ దించలేదు. ఇద్దరు మర్నాడొచ్చారు. మూడోవోడు ఇంకా రాలేదు. సంతలో అమ్మ దగ్గర చేపలు కొనొద్దని ఎవురో అన్నారంట. అయినా కొంటన్నారు. రేపెలా ఉంటదో తెలీదు. వాణ్ణి దింపమంటే నేను తీసుకొచ్చేత్తాను. అనేదాకా పంపుతాను. పొద్దున్న వాణ్ణి కాలవ దాటించి, బడి వదిలేదాకా ఇవతలి గట్టున వల కుట్టుకుంటా కూచుంటన్నాను.

బెమ్మం రోజూ వచ్చి ఆ రోజు చెప్పిందంతా నాకు చెప్తన్నాడు. పద్యాలకి అర్ధాలు కూడా. నాకూ కొంచెం కొంచెం ఎక్కుతుంది.

నువ్వు వేళకి తిను నాయనా.

నీ మాట నిలబెట్టాననుకుంటన్న
బుల్లియ్య


విశ్వనాథరాజు గారికి,

అయ్యా, మా నాయన ఉత్తరం పైన అయిపోయిందండి. ఈ కాయితం మీకు. ఆయనకి చదవకండి.

అయ్యోరు నన్ను దగ్గరికి పిలిచి ఏదో అన్నారని రాసాను కదండి. అదిక్కడ రాత్తన్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే లోపల కుళ్ళిపోయేటట్టుంది. అమ్మకి చెప్పలేను. మీరెప్పుడూ నన్ను చూడలేదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఆయనన్నారు కదా, "నిన్ను కింద కూచోమని నేనెప్పుడన్నాన్రా? మొదటి రోజు మీ నాన్నే కూచోబెట్టాడు. గోతాం ముక్క కూడా ఆయన తెచ్చిందే. 'మావోడు ఇక్కడే ఉంటాడండి బాబూ, అరుగెక్కడండి, మీకే ఇబ్బందీ రానియ్యడండి' అని చేతులు కట్టుకుని చెప్పాడు. నేను సరే అన్నాను. పైకి రమ్మని నేనూ పిలవలేదులే, అది నా తప్పు. ఆయన అడగలేదు, నేను పిలవలేదు. నువ్వేమో నోరిప్పవు." అలా అన్నారండి.

నిజమేనండి. ఆయన చెప్తుంటే నాకూ గుర్తొచ్చింది. మా నాయన నన్ను భుజాల మీదెక్కించుకుని తీసుకెళ్ళాడు. గోతాం పరిచి, రెండుసార్లు దులిపి, రాళ్ళేరి, నన్ను కూచోబెట్టి భుజం నొక్కాడు. కదలకు అని. ఆ చెయ్యి అయ్యోరిదని ఇన్నేళ్ళూ ఎలా అనుకున్నానో నాకు తెలీదండి. అది మా నాయన చెయ్యేనని నా మనసుకి తెలిసే ఉంటది. ఒప్పుకోలేదేమో.

కోపమొచ్చిందండి. రెండు రోజులు చానా కోపమొచ్చింది. మూడో రోజున బెమ్మాన్ని దింపి గట్టు మీద కూచుంటే వేరేలాగ అనిపించింది. అప్పటిదాకా మా పాలెంలో బడికి పోయినోడు ఒక్కడూ లేడండి. మా నాయన ఏ అరుగూ ఎక్కినోడు కాదు. నన్ను ఎలాగైనా లోపలికి రానియ్యాలని, వాళ్ళు కాదనేలోపు ఆయనే కిందకి తగ్గించేసాడు. నేనైతే ఏం చేద్దునో. మొన్న అడిగేటప్పుడు నేను తలెత్తకుండా నేల చూసుకున్నది కూడా ఆ తీరేనండి.

ఇది తెలిస్తే ఆయన మళ్ళీ మనిషి కాడండి. కొట్టినందుకే రెండు పూటలు తిండి మానేసాడని మీరే రాసారు. అందుకని చదవకండి.

కానీ మా నాయన కాయితాలు లెక్కెట్టుకుంటాడు. "ఇంకో కాయితముంది కదండీ, అందులో ఏముందండీ" అంటాడు. వరద కబుర్లని చెప్పండి. నమ్మకపోతే పులసల ధర అని చెప్పండి. అప్పటికీ నమ్మక, మీ మొహంలోకి చూత్తా కూచుంటే, మీకు అబద్ధం చెప్పడం చేతకాకపోతే, అప్పుడు చదివెయ్యండి. మొత్తం చదవండి, గోతాం రెండుసార్లు దులిపాడన్నది కూడా వదలకండి.

ముందు ఆయన చేత అన్నం తినిపించి చదవండి.

మీకు ఎన్ని దండాలు పెట్టినా చాలవనుకునే
బుల్లియ్య